అభిలాష నవల – పాఠకుల మతభేదము

ఒకే గ్రంథమును జదివినవారు పరస్పరవిరుద్ధములగు నభిప్రాయములఁ బొందుట వింతగాదు. అయినను భేదమునకు మూలమేదియో యెఱుఁగనిచో విమర్శనము వట్టి కలహమగును. యండమూరి వీరేంద్రనాథ్ రచించిన 'అభిలాష' యిందులకుఁ దగిన యుదాహరణము. న్యాయవిచారమును, హత్యారహస్యమును బెనవేసిన యీ నవల 1983 లో ఏ. కోదండరామిరెడ్డి దర్శకత్వమునఁ జలనచిత్రముగాఁ గూడ వెలువడినది.

కథాసంగ్రహ మిది. చిరంజీవి యను యువన్యాయవాది మరణశిక్షను రూపుమాపఁ గోరును. నిర్దోషికిని ఉరిశిక్ష పడవచ్చునని నిరూపించుటకై, సర్వోత్తమరావను న్యాయవాది యెఱుకతోఁ దానే హంతకుఁడని తోఁచునట్లు సాక్ష్యములఁ గల్పించుకొనును. నిజమెఱిఁగిన సర్వోత్తమరావు ప్రమాదమునఁ జిక్కి నోటమాట లేనివాఁ డగుటచేఁ గల్పితమే నిజమై కథానాయకుని మెడకుఁ జుట్టుకొనును.

దీనిఁ జదువువారిలో మూఁడు పక్షములు గలవు. కౌతుకమే యిట్టి కథలకుఁ బ్రాణమనియు, శాస్త్రచర్చ యనవసరమనియు మొదటి పక్షము.

ధర్మాసనపద్ధతి యిందు సరిగా లేదని రెండవ పక్షము. 1973 నాఁటి దండప్రక్రియాశాసనము ననుసరించి సెషన్సు న్యాయస్థానము విధించిన మరణశిక్షను హైకోర్టు ధ్రువీకరింపవలసి యుండెను. పిమ్మట రాజ్యాంగములోని 72, 161 అధికరణములచే క్షమాభిక్షకును మార్గము గలదు. బచ్చన్‌సింగు వ్యాజ్యెమున 1980 లో సుప్రీంకోర్టు, అరుదైనవానిలో నెల్ల నరుదైన నేరములకే యీ శిక్ష తగునని నిర్ణయించినది. ఇన్ని ద్వారములుండఁగా నిర్దోషి యేల చిక్కునని వీరి ప్రశ్నము.

ముద్దాయియే సాక్ష్యములఁ గల్పించెఁ గావున మోసము వానిదే కాని దోషము ధర్మాసనమునది కాదనియు, అందుచే ప్రతిజ్ఞ సిద్ధింపలేదనియు మూఁడవ పక్షము.

వీనిలో మూఁడవదియే బలవత్తరము. దానికి సమాధానము మృచ్ఛకటికమున దొరకును. అందలి తొమ్మిదవ యంకమున వసంతసేనను జంపెనన్న యభియోగము చారుదత్తునిపైఁ బడును. ధర్మాసనము నెదుట మైత్రేయుని చంకనుండి యామె యాభరణములు జాఱిపడును. మృగములు చీల్చిన యొక స్త్రీకళేబరము తోఁటలోఁ గానవచ్చును. శకారుని యభియోగ మసత్యము. ఆభరణములు జాఱుట యెవ్వరును బన్నిన పన్నుగడ గాదు. అయినను రెండును గలసి నిర్దోషిని శూలమునకుఁ బంపినవి. వసంతసేన సజీవయై వచ్చుటచే నాతఁడు బ్రదికెను. కావున సాక్ష్యమును గల్పించినవాఁడు శత్రువైనను, దైవమైనను, ముద్దాయియే యైనను న్యాయాధికారికిఁ గానవచ్చు రూప మొక్కటియే. చిరంజీవి చేసిన పరీక్షకు బల మిదియే.

రెండవ పక్షమువారు చెప్పిన ద్వారములు సత్యములే. కాని నిజమెఱిఁగినవాఁడు నోరు విప్పలేనిచో పై న్యాయస్థానములకును ఆ సాక్ష్యములే శరణ్యము. కారాగారశిక్ష యైనచో పిదపఁ దెలిసిన సత్యము పనికివచ్చును. ఉరి యైనచో రాదు.

ఫ్రిట్జ్ లాంగు దర్శకత్వమున 1956 లో వెలువడిన 'బియాండ్ ఎ రీజనబుల్ డౌట్' అను నమెరికా చలనచిత్రమున నిట్టి బీజమే కలదు. అందును మరణశిక్షకు విరోధముగా సాక్ష్యములఁ గల్పించుటయు, నిజమెఱిఁగినవాఁడు ప్రమాదమునఁ బోవుటయుఁ గలవు. కాని తుద కచ్చటి కథానాయకుఁడు నిజముగా హంతకుఁడే యని తేలును. చిరంజీవి నిర్దోషి. బీజ మొక్కటియైనను ఫలములు విరుద్ధములు. పోలికమాత్రముచే గ్రంథవిలువను నిర్ణయింపరాదు.

అభిపూర్వకమగు లష్ ధాతువునుండి పుట్టిన 'అభిలాష' శబ్దమునకుఁ గోరిక యని యర్థము. సిద్ధి యని కాదు. కథానాయకుఁడు రూపుమాపఁ గోరిన 302 వ సెక్షను స్థానమున 2024 జులై 1 నుండి భారతీయ న్యాయసంహితలోని 103 వ సెక్షను వచ్చినది; అంకె మాఱినను మరణశిక్ష నిలిచియే యున్నది. కావున నీ నవలను జదువువారు కథ రుచించెనా యనుటతో నిలువక, తప్పు తెలిసినపుడు దిద్దుకొన వీలులేని శిక్షను మానవులు విధింపవచ్చునా యను ప్రశ్నమునకుఁ గూడ నుత్తరము వెదకవలసి యున్నది.