నడుమునొప్పి – నాలుగవ పాదము

నడుమునొప్పి ప్రాణము తీయదు, ప్రాణమున్నంతకాలము విడువదు. అందుచేతనే కాబోలు, దానిపై లోకమునకు జాలి తక్కువ. ఊడ్పులలో దినమెల్ల వంగియుండు స్త్రీకిని, ధాన్యపు బస్తాలు మోయు కూలికిని, కచేరీలో కుర్చీ వదలని గుమాస్తాకును, బల్లమీదికి వంగి వ్రాసికొను మావంటివారికిని ఇది ఉమ్మడి యాస్తి. 2020వ సంవత్సరమున ప్రపంచమున దాదాపు 62 కోట్ల మంది ఈ బాధ ననుభవించినట్లు వైద్యపండితులు లెక్కగట్టిరి; 2050 నాటి కది 84 కోట్లకు చేరగలదని వారి యంచనా. మూడు మాసములు దాటి నిలిచిన నొప్పిని దీర్ఘకాలికమందురు. మా నొప్పికి ఆరేండ్లు నిండినవి. తైలములు, కాపడములు, పట్టీలు, బిళ్లలు అన్నియు నైనవి.

గత సంవత్సరము ఒక పెద్ద యాసుపత్రిలో మమ్ము పరీక్షించిన డాక్టరుగారు, దీర్ఘకాలపు నడుమునొప్పికై జరుగుచున్న క్లినికల్ ట్రయల్‌లో చేరుదురాయని యడిగిరి. ఈ వార్త ఇంట దెలియగానే కలవరము పుట్టినది. ప్రయోగశాలలో కుందేళ్లకు పట్టిన గతి మాకును పట్టునని మా పెద్దన్నగారు కోపగించిరి.

ఆ భయము నిరాధారమని మేమనజాలము. 2009వ సంవత్సరమున ఖమ్మము జిల్లాలో, గర్భాశయముఖ క్యాన్సరును నివారించు టీకాను వేలాది బాలికలకు వేసిరి. వారిలో పలువురు గిరిజన బాలికలు, వసతిగృహములలో నుండి చదువుకొనువారు. తలిదండ్రులు చేయవలసిన సంతకములను అనేక పత్రములపై వార్డెనులే చేసిరని తరువాత విచారణలో తేలినది. 2010 ఏప్రిలులో ఆ కార్యక్రమము నిలిచిపోయెను. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘము దానిని తీవ్రముగా నిందించెను. ఆ టీకా నేడు పెక్కు దేశములలో మన్ననకెక్కినదే. దోషము సీసాలో లేదు, సంతకములో నున్నది. ఒకరి శరీరమునకు మరియొకరు సమ్మతి నిచ్చిరి.

నాటికిని నేటికిని కొంత మార్పు గలదు. 2009 జూను నుండి మన దేశములో జరుగు ప్రతి ట్రయలును, రోగులను చేర్చుకొనుటకు ముందే, జాతీయ పట్టికలో నమోదు కావలెను. ఆ పట్టికను ఎవరైనను చూడవచ్చును. 2019 నాటి నిబంధనల ప్రకారము క్రొత్త మందుల పరీక్షకు ఎథిక్స్ కమిటీ యనుమతి కావలెను. పరీక్షవలన హాని కలిగినచో ఉచిత చికిత్సయు, నష్టపరిహారమును ఈయవలెను. చేరినవాడు ఎప్పుడైనను, కారణము చెప్పకయే, వైదొలగవచ్చును. వివరములన్నియు వానికి తెలిసిన భాషలో నుండవలెను.

మాకును తెలుగు పత్రమే యిచ్చిరి. కాని యది తెలుగు లిపిలోని యింగ్లీషు. రెండు పర్యాయములు చదివినను ఒక వాక్యమునకు కర్త యెవరో మాకు బోధపడలేదు. నలుబదియేండ్లు పైబడి, అక్షరములతోనే జీవించు మా కిట్లయినచో, అక్షరము లెరుగనివాని గతి యేమి? పత్రమును ప్రక్కనబెట్టి డాక్టరుగారిని నాలుగు ప్రశ్నలు వేసితిమి. పరీక్షించున దేమి? మాకు మందు తప్పక దొరకునా? నడుమ మానివేసినచో మామూలు వైద్యమునకు లోటు వచ్చునా? హాని కలిగిన నెవరు పూచీ? వారు విసుగుకొనక జవాబు చెప్పిరి. ఇంటికి పోయి రెండు దినము లాలోచించి, తిరిగివచ్చి సంతకము చేసితిమి.

రెండవ ప్రశ్నకు వారు చెప్పిన జవాబే యన్నిటికంటె ముఖ్యము. సగము మందికి మందు, సగము మందికి అదే రంగు, అదే పరిమాణము గల ఉత్త బిళ్ల. ఎవరి కేదియో కంప్యూటరు చీటి తీయును. మాకు దెలియదు, బిళ్ల లిచ్చు డాక్టరుకును దెలియదు. ఇది మోసము కాదా యని కొందరనవచ్చును. ముందుగా చెప్పి, ఒప్పించి చేయునది మోసము కాదు. అదియునుగాక, నడుమునొప్పి పోటువంటిది; ఎక్కును, తగ్గును. అది పరాకాష్ఠ నందినప్పుడే మనము వైద్యుని వెదకికొని పోవుదుము. తరువాత నది తనంత తాను దిగినను, కీర్తి బిళ్లకు దక్కును. లిస్బన్ నగరములో దీర్ఘకాలపు నడుమునొప్పి గలవారికి, ఇవి ఉత్త బిళ్లలేయని స్పష్టముగా చెప్పి మూడు వారము లీయగా, వారికి సైతము కొంత యుపశమనము కలిగినట్లు 2016లో ప్రకటించిరి. కావున తులనాత్మకముగా చూడనిదే మందు గుణమును నిర్ణయించుట యసాధ్యము.

ప్రతిరాత్రియు సున్న మొదలు పది వరకు నొక యంకెతో మా నొప్పిని పుస్తకములో వ్రాయవలెను. ఒకనాడు నొప్పి ఆరు, వ్రాసినది నాలుగు. అంత యాదరముతో చూచుచున్న డాక్టరుగారికి నిరాశ కలిగించుట కిష్టము లేకపోయెను. ఉదయమున సిగ్గుపడి, ఒక గీత గీసి, ప్రక్కన ఆరు వేసి సంతకము చేసితిమి. మా దాక్షిణ్యము వేలమందికి తప్పుడు మందు కట్టబెట్టి యుండెడిది.

చరకసంహిత చికిత్సకు నాలుగు పాదములు చెప్పినది: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. నాలుగవ పాదమైన రోగికి నాలుగు గుణములు కావలెనన్నది: జ్ఞాపకశక్తి, చెప్పినట్లు నడచుకొనుట, నిర్భయత్వము, తన వ్యాధిని ఉన్నదున్నట్లు తెలుపగలుగుట. నిర్భయత్వమన్నది సూదికి జంకకుండుట మాత్రమే కాదు. ప్రశ్నించుటకును, కాదనుటకును జంకకుండుట యని మా యభిప్రాయము.

ఇట్టి రోగులవలన లోకమునకు కలిగిన ఫలము చూడుడు. అమెరికాలో మినియాపొలిస్ ప్రాంతమున 240 మంది మాజీ సైనికులు, నడుమునొప్పియో, మోకాలి తుంటి కీళ్ల నొప్పియో గలవారు, ఒక సంవత్సరము పరీక్షలో నిలిచిరి. ఓపియాయిడ్లనబడు నల్లమందు వర్గపు మందులు సామాన్యమైన మందులకంటె మేలు కావని 2018లో తేలినది. ఆస్ట్రేలియాలో 492 మంది పాల్గొన్న పరీక్షవలన, నొప్పిని గూర్చిన భయమును పోగొట్టి, తిరిగి కదలుట నేర్పు శిక్షణ ఎక్కువ మేలు చేయునని 2023లో వెల్లడియైనది. మొదటిది పనికిరాని దానిని చూపినది, రెండవది పనికివచ్చు దానిని. రెండును దానములే.

మా పండ్రెండు వారములు ముగిసినవి. నొప్పి కొంత తగ్గినది, పూర్తిగా పోలేదు. మేము మ్రింగినది మందో, ఉత్త బిళ్లయో నేటికిని తెలియదు. తెలియకుండుటకు ఒప్పుకొనియే చేరితిమి గనుక చింత లేదు.

పాఠకులకు మా మనవి యొక్కటే. మీ యింటి పాలేరునో, పొలములో పనిచేయు కూలినో ఇట్టి పరీక్షకు పిలిచినచో, మీ మాటపై అతడు వ్రేలిముద్ర వేయుట కియ్యకొనకుడు. పత్రమును అతనికి అర్థమగు తెలుగులో చదివి వినిపింపుడు. అటుపిమ్మట మౌనము వహింపుడు. చేరుదునని గాని, చేరనని గాని చెప్పవలసినవాడు అతడే. నొప్పి యతనిది, నడుము నతనిదే.