దేశాంతర బేరంలో దళారి

మా జవహర్‌నగర్‌కు శామీర్‌పేట ఎంతో దూరం లేదు. ఆ పక్కనే, జీనోమ్ వ్యాలీలో, భారత్ బయోటెక్ వారు కోవాగ్జిన్ టీకా తయారుచేశారు. మనలో చాలామందిమి దాన్ని వేయించుకున్నవాళ్ళమే. ఆ టీకా బ్రెజిల్ దాకా బేరమాడుకుని వాకిట్లోనే ఆగిపోయిన వైనం చెబుతాను.

పరదేశంలో సరుకు అమ్మదలచిన కంపెనీకి దారులు మూడు: తానే వెళ్ళి శాఖ తెరవడం, స్థానికులతో వాటా కలపడం, ఏజెంటును పెట్టుకోవడం. కాగితం కదలాలంటే ఎవరి చెయ్యి తడపాలో తెలియని దేశంలో సొంత పెట్టుబడి పెట్టడానికి ఎవరైనా జంకుతారు. మూడోదారి పడతారు. ఆ తంటాలేవో ఏజెంటే పడతాడని ధీమా! చిక్కంతా ఆ ధీమాలోనే ఉంది.

2021 ఫిబ్రవరిలో బ్రెజిల్ ఆరోగ్యశాఖ 2 కోట్ల మోతాదులకు ఒప్పందం చేసుకుంది. మోతాదు ధర 15 డాలర్లు. నడుమ నిలిచింది ప్రెసీసా అనే అక్కడి సంస్థ. జూన్‌లో ఆ శాఖ ఉద్యోగి ఒకరు సెనేటు విచారణ సంఘం ముందు నోరు విప్పారు. దిగుమతికి ఒప్పుకోమని తనపై ఒత్తిడి వచ్చిందనీ, సరుకు రాకముందే 4 కోట్ల 50 లక్షల డాలర్లు కోరుతూ సింగపూరు కంపెనీ ఒకదాని పేర ఇన్వాయిసు వచ్చిందనీ ఆయన వాంగ్మూలం. ప్రెసీసా తన తప్పేమీ లేదన్నది. జూన్ 29న ప్రభుత్వం ఒప్పందాన్ని నిలిపివేసింది. జూలై 23న భారత్ బయోటెక్ ప్రెసీసాతో తెగతెంపులు చేసుకుంది. తనకు బయానా ముట్టలేదనీ, టీకాలు పంపనే లేదనీ, తన పేర చెలామణీ అయిన కొన్ని పత్రాలు తనవి కావనీ ప్రకటించింది.

అయితే నష్టమెవరికి? ఆ జూన్‌లోనే బ్రెజిల్‌లో కరోనా మృతుల సంఖ్య 5 లక్షలు దాటింది. టీకా గుణమేమిటన్న చర్చ పోయి, మధ్యవర్తి ఎవరన్న రచ్చ మిగిలింది.

ఏజెంటు ఇచ్చిన లంచానికి నాకేం సంబంధం అంటే అమెరికాలో చెల్లదు. ఆ సొమ్ము లంచంగా పోతుందని తెలిసి ఇచ్చినవాడూ నేరస్థుడేనని 1977 నుంచే అక్కడ చట్టముంది. మనదేశంలో, విదేశీ అధికారులకు లంచమివ్వడాన్ని నేరంగా పరిగణించే బిల్లు 2011లో లోక్‌సభకు వచ్చింది గాని, చట్టం కాకుండానే మురిగిపోయింది.

మన జీనోమ్ వ్యాలీ సరుకు ఇంకా ఎన్నో దేశాలకు పోవాలి. పంపేవారు ఏజెంటుకు కమీషను ఎంత అని అడగడంతో ఆగకూడదు. ఆ కమీషను ఎవరెవరి జేబుల్లోకి పోతుందో కూడా సంతకానికి ముందే అడగాలి.