కొన్నవాడికి తాళం... కొట్టేసినవాడికి రాజమార్గం!

థియేటర్లో ఎప్పుడైనా గమనించారా? టికెట్ కొనుక్కుని, పార్కింగ్ కట్టి, పాప్‌కార్న్‌కి ఇంకో టికెట్ అంత సమర్పించుకుని సీట్లో కూలబడ్డాక తెర మీద ఒక హెచ్చరిక పడుతుంది. పైరసీ చూడకండి, అది నేరం అని. చెప్పేది ఎవరికి? డబ్బులిచ్చి లోపలికొచ్చిన మనకి! ఇంట్లో దుప్పటి ముసుగేసుకుని ఫోన్లో దొంగ ప్రింట్ చూస్తున్నవాడికి ఆ హెచ్చరికే ఉండదు. వాడికి డైరెక్టుగా సినిమానే.

సినిమాలో అయితే అది కాసేపటి గోల. పీసీ గేముల్లో, అందులోనూ నాకు ప్రాణమైన అడ్వెంచర్ గేముల్లో ఈ తంతు దాదాపు నలభై ఏళ్లుగా నడుస్తోంది. కాపీ ప్రొటెక్షన్ అంటారు, ఇప్పుడు డీఆర్ఎం అంటున్నారు. పేరు ఏదైనా పని ఒకటే. కొన్నవాడిని గుమ్మంలో ఆపి జేబులు తడమడం.

ఫ్రీ ఫైర్, బీజీఎంఐ ఆడేవాళ్లకి అడ్వెంచర్ గేమ్ అంటే ఏంటో రెండు ముక్కల్లో చెప్పాలి. ఇక్కడ కాల్చడాలు, పరిగెత్తడాలు పెద్దగా ఉండవు. ఒక కథ, ఒక హీరో, మూసి ఉన్న బోలెడు తలుపులు. దొరికిన ప్రతి చెత్తా జేబులో వేసుకోవాలి, ఎదురైన ప్రతి మనిషితో మాట్లాడాలి, బుర్ర పెట్టి ముందుకెళ్లాలి. 'ది సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలండ్'లో హీరోకి ఒక రబ్బరు కోడి దొరుకుతుంది, దాని నడుముకి కప్పీ ఉంటుంది. దాన్ని ఎక్కడ వాడాలో తట్టినప్పుడు వచ్చే ఆనందం మామూలుగా ఉండదు. డిటెక్టివ్ నవల చదివినట్టు ఆడతాం. నవలనే మళ్లీ చదివినట్టు పదేళ్ల తర్వాత మళ్లీ ఆడతాం. ఈ రెండో మాట గుర్తుపెట్టుకోండి, అసలు గొడవంతా అక్కడే.

చక్రం తిప్పితేనే ఆట

1990లో మంకీ ఐలండ్ వచ్చినప్పుడు డబ్బాలో ఫ్లాపీలతో పాటు ఒక అట్ట చక్రం పెట్టారు. పేరు డయల్-ఎ-పైరేట్. రెండు గుండ్రటి అట్టలు, ఒకదాని మీద ఒకటి. గేమ్ మొదలవగానే తెర మీద ఒక సముద్రపు దొంగ ముఖం వస్తుంది. పై సగం ఒకడిది, కింది సగం ఇంకొకడిది. చక్రం తిప్పి ఆ ముఖం సరిగ్గా కుదర్చాలి. ఫలానా ఊళ్లో వీణ్ని ఏ సంవత్సరంలో ఉరితీశారు అని గేమ్ అడుగుతుంది. చక్రం కిటికీలో కనబడిన అంకె కొడితేనే లోపలికి ప్రవేశం. పైరసీని ఆపడానికి పైరేట్ల బొమ్మలే పెట్టారు చూశారా, అక్కడ మాత్రం నవ్వొస్తుంది.

అంతకుముందు 1988లో వచ్చిన 'జాక్ మెక్‌క్రాకెన్'లో ఇంకో రకం. విమానం ఎక్కి దేశం దాటాలంటే డబ్బాతో వచ్చిన కాగితంలోంచి వీసా కోడ్ కొట్టాలి. పదేపదే తప్పు కొడితే హీరోని జైల్లో వేసి, పైరసీ ఎంత పాపమో క్లాసు పీకుతారు. 1989 నాటి 'ఇండియానా జోన్స్ అండ్ ద లాస్ట్ క్రూసేడ్' గేముతో హీరో తండ్రి డైరీ అని ఒక చిన్న పుస్తకం ఇచ్చారు. చివర్లో వరసగా ఉన్న పాత్రల్లో అసలైన పవిత్ర పాత్ర ఏదో కనిపెట్టాలంటే ఆ డైరీ చదవాల్సిందే. నిజం చెప్పాలంటే ఇది నాకు నచ్చింది. తాళం కూడా కథలో భాగమైపోయింది, చేతిలో డైరీ పట్టుకుంటే మనమే ఇండియానా జోన్స్ అన్నట్టుంటుంది.

రాబర్టా విలియమ్స్ రాసిన 'కింగ్స్ క్వెస్ట్ 3'లో మాత్రం ఈ సరదా కాస్తా శిక్ష అయింది. 1986 గేమ్ అది. మంత్రగాడి దగ్గర బానిసగా ఉన్న కుర్రాడు మంత్రాలు నేర్చుకుని తప్పించుకోవాలి. ఆ మంత్రాలన్నీ మాన్యువల్‌లో ఉంటాయి, గేములో ఉండవు. లైను లైనుకీ చూసి టైప్ చేయాలి. ఎక్కడైనా అక్షరం జారిందా, హీరో పని ఖతం.

మరి ఇదంతా దొంగల్ని ఆపిందా? జిరాక్స్ మిషన్ ఉన్న లోకంలో అట్ట చక్రం ఎన్నాళ్లు నిలబడుతుంది? విప్పి కాపీ తీసుకునేవాళ్లు తీసుకున్నారు. ప్రోగ్రాం తెలిసినవాళ్లు ఆ ప్రశ్న వేసే భాగాన్నే పీకేశారు. మిగిలిందెవరు? ఇల్లు మారినప్పుడు చక్రం పోగొట్టుకున్న అమాయకుడు. ఫ్లాపీ వాడిదే, గేమ్ వాడిదే. ఆడడానికి మాత్రం వీల్లేదు.

సీడీ లోపల కాపలాదారు

సీడీలొచ్చిన కొత్తలో కొంచెం ఊపిరాడింది. ఇంట్లో సీడీ రాసే మిషన్ ఎవరి దగ్గరా లేదు కాబట్టి సీడీయే తాళం. ఆ మిషన్ ఇంటింటికీ వచ్చాక సేఫ్‌డిస్క్, సెక్యూరామ్, స్టార్‌ఫోర్స్ లాంటివి దిగాయి. ఇక్కడి నుంచి కథ మారింది. అట్ట చక్రం టేబుల్ మీద ఉండేది, ఇవి కంప్యూటర్ లోపలికి వచ్చి కూర్చున్నాయి. స్టార్‌ఫోర్స్ అయితే విండోస్ గుండెకాయ దాకా వెళ్లి తన డ్రైవర్ పెట్టుకునేది. ఆటగాళ్లు గోల గోల చేస్తే 2006లో ఉబిసాఫ్ట్ దాన్ని వాడటం మానేసింది.

సేఫ్‌డిస్క్ ముచ్చట ఇంకా ఘోరం. అది వాడే డ్రైవర్‌లో లోపం ఉందని, దాని ద్వారా కంప్యూటర్‌ని చేజిక్కించుకోవచ్చని 2007లో బయటపడింది. ఇంటికి వేసిన తాళమే దొంగకి దారి చూపించిందన్నమాట. మైక్రోసాఫ్ట్ 2015లో విండోస్ 10 తెచ్చినప్పుడు ఆ డ్రైవర్‌ని అసలు రానివ్వలేదు. పాత విండోస్‌లలో కూడా అప్‌డేట్ ఇచ్చి ఆపేసింది. భద్రత కోసం అది సరైన పనే, కాదనను. కానీ ఆ ఒక్క దెబ్బకి అల్మారాల్లో ఉన్న ఎన్నో ఒరిజినల్ సీడీలు మూగబోయాయి. క్రాక్ చేసిన కాపీకి ఆ డ్రైవర్ అక్కర్లేదు కాబట్టి దానికేమీ కాలేదు.

నా సంగతికొస్తే, ఇంజినీరింగ్ మూడో ఏడాదిలో ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బుతో సికింద్రాబాద్‌లో ఒక అడ్వెంచర్ గేమ్ డీవీడీ కొన్నాను. పేరు వద్దులెండి. కౌంటర్లో ఉన్నాయన నన్ను ఎగాదిగా చూసి, "తమ్ముడూ, ఒరిజినల్ కావాలా? నిజంగా?" అన్నాడు. బిల్లు రాసేటప్పుడు కూడా మధ్యలో ఆగి మళ్లీ అడిగాడు. నేను గర్వంగా తలూపాను.

మూడుసార్లు యాక్టివేట్ చేసుకోవచ్చని డబ్బా వెనక చిన్నక్షరాల్లో ఉంది. మూడుసార్లు చాలదా అనుకుంటాం. హాస్టల్ కంప్యూటర్ సంగతి తెలిసినవాళ్లకే తెలుస్తుంది. పెన్‌డ్రైవ్ వైరస్‌తో ఒకసారి ఫార్మాట్, కరెంటు పోయి హార్డ్‌డిస్క్ కొట్టేసి ఇంకోసారి. సెమిస్టర్ తిరిగేసరికి మూడూ అయిపోయాయి. నాలుగోసారి తెర మీద పరిమితి దాటిందని మర్యాదగా చెప్పింది. కంపెనీకి మెయిల్ పెట్టాను. బిల్లు ఫొటో పంపమన్నారు. పంపాను. డబ్బా మీది కోడ్ ఫొటో పంపమన్నారు. ఫ్రెండ్ ఫోన్ అడుక్కుని అదీ తీసి పంపాను. ఎనిమిది రోజులు పట్టింది.

ఆ ఎనిమిది రోజుల్లో నా రూమ్మేట్ అదే గేమ్ క్రాక్ కాపీ ఎక్కించుకుని, ఆడి, పూర్తి చేసేశాడు. పోనీ అక్కడితో ఊరుకున్నాడా! మెస్‌లో పప్పు వడ్డించుకుంటూ హంతకుడు ఎవరో చెప్పేశాడు. అడ్వెంచర్ గేమ్‌కి ఇంతకంటే అన్యాయం ఉండదు. ఇప్పుడు ఆ యాక్టివేషన్ సర్వరే లేదు. డిస్క్ మీద గీత కూడా పడలేదు, కానీ మొదలవదు.

ఇలా బలైంది నేనొక్కడినే కాదు. 2008లో 'స్పోర్' అనే గేముకి ఇదే మూడుసార్ల రూలు పెడితే అమెజాన్‌లో జనం ఒక్క స్టార్ రివ్యూలతో ఉతికి ఆరేశారు, కంపెనీ పరిమితిని ఐదుకి పెంచాల్సి వచ్చింది. 2010లో 'అసాసిన్స్ క్రీడ్ 2' పీసీలో ఆడాలంటే ఆడినంతసేపూ నెట్ ఉండాలన్నారు. ఒక్కడే ఆడుకునే గేముకి నెట్ ఎందుకయ్యా అంటే సమాధానం లేదు. మార్చిలో వాళ్ల సర్వర్ల మీదే దాడి జరిగి, డబ్బులు పెట్టి కొన్నవాళ్లు చాలామంది ఆడలేకపోయారు. వాన చినుకు పడితే నెట్ పోయే ఊళ్లో ఇలాంటి గేమ్ కొనాలంటే ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి.

ఇంకో ముచ్చట చెప్పకుండా ఉండలేను, ఇది షూటింగ్ గేమే అయినా సరే. 2008లో 'రెయిన్‌బో సిక్స్ వేగస్ 2'ని ఆన్‌లైన్‌లో డౌన్‌లోడ్ కొన్నవాళ్లని గేమ్ డిస్క్ పెట్టమని అడిగింది. డిస్క్ ఎక్కణ్నుంచి తెస్తారు పాపం? ఉబిసాఫ్ట్ ఒక ప్యాచ్ ఇచ్చింది. ఎవరో ఆ ఫైల్ తెరిచి చూస్తే లోపల రీలోడెడ్ అనే పైరసీ ముఠా గుర్తు! దొంగలు చేసిన క్రాక్‌నే కంపెనీ తన మందుగా పంచింది.

ఐదు రోజుల కోట

ఈ కాలపు తాళం పేరు డెనువో. 2017 మే నెలాఖరులో 'రైమ్' అనే అందమైన పజిల్ అడ్వెంచర్ వచ్చింది. ఒక దీవి, ఒక చిన్న బాబు, మాటల్లేని కథ. దానికి డెనువో వేశారు. తయారుచేసినవాళ్లు ఒక మాట ముందే చెప్పారు, ఎవరైనా దీన్ని పగలగొడితే మేమే తీసేస్తాం అని. ఐదు రోజులు పట్టింది. చెప్పినట్టే డెనువో లేని వెర్షన్ ఇచ్చారు. పగలగొట్టినవాడు, ఈ తాళం గేమ్ నడుస్తున్నంతసేపూ అదేపనిగా పనిచేస్తూ స్పీడు తగ్గిస్తోందని ఆరోపించాడు. దాన్ని ఎంతవరకు నమ్మాలో పక్కన పెడదాం. కానీ 2021లో 'రెసిడెంట్ ఈవిల్ విలేజ్' పీసీలో తడబడుతోందని గోల వచ్చినప్పుడు, కాప్‌కామ్ తన కాపీ ప్రొటెక్షన్‌ని సరిచేసిన ప్యాచ్ ఇచ్చాకే గేమ్ సాఫీగా నడిచింది.

కంపెనీల బాధ అబద్ధమని నేననను. చెక్ దేశంలో అమానితా డిజైన్ అని చిన్న బృందం ఉంది. 2009లో వాళ్లు చేసిన 'మషినేరియం' ఆడితే బొమ్మల పుస్తకంలోకి దూరినట్టుంటుంది, మీ ఫోన్లో కూడా దొరుకుతుంది. తాళం వేయకుండా అమ్మారు. ఆడుతున్నవాళ్లలో డబ్బులిచ్చింది 5 నుంచి 15 శాతమేనని తర్వాత వాళ్లే చెప్పారు. అలాంటి లెక్క చూస్తే ఎవరికైనా కడుపు మండుతుంది. వాళ్లు 2010లో ఏం చేశారో తెలుసా? పైరేట్లకి క్షమాభిక్ష అని ప్రకటించి 20 డాలర్ల గేముని 5 డాలర్లకిచ్చారు. రండి, ఇప్పుడైనా కొనండి అని. ఆ తర్వాత కూడా మంచి గేములు చేస్తూనే ఉన్నారు.

నా పేచీ ఒక్కటే. తాళం వేసేది అమ్మకాలు జోరుగా ఉండే మొదటి రోజుల కోసం. అది కంపెనీకి అవసరమే కావచ్చు. అడ్వెంచర్ గేమ్ ఆయుష్షు మాత్రం ముప్పై ఏళ్లు. అమ్మకాలు అయిపోయాక ఆ తాళం ఎవరి కోసం? ఏడాదో రెండేళ్లో అయ్యాక తీసేయండి. కొన్ని కంపెనీలు డెనువోని అలా తీసేస్తున్నాయి కూడా. తీయకపోతే సర్వర్ మూసేసిన రోజు మన డబ్బులు గోవిందా. అమెరికాలో కాలిఫోర్నియా 2024లో ఒక చట్టం చేసింది, గేమ్ అమ్మేటప్పుడు కొనేవాడికి దక్కేది లైసెన్స్ మాత్రమే అయితే ఆ సంగతి స్పష్టంగా చెప్పాలని. అప్పట్నుంచి స్టీమ్‌లో డబ్బులు కట్టే చోట ఆ ముక్క కనబడుతోంది. మొహం మీదే చెప్పడం ఒక రకంగా నయం.

పోలండ్ వాళ్లు 2008లో పెట్టిన జీఓజీ స్టోర్‌లో తాళాల్లేకుండా అమ్ముతారు. ఇన్‌స్టాలర్ దించుకుని పెన్‌డ్రైవ్‌లో దాచుకోవచ్చు. కింగ్స్ క్వెస్ట్ కొంటే మంత్రాల మాన్యువల్ పీడీఎఫ్ కూడా ఇస్తారు, ఎందుకంటే ఆ మంత్రాలు ఇప్పటికీ టైప్ చేయాల్సిందే!

ఫోన్లో ఆడాలనుకుంటే స్కమ్‌వీఎం అని ఉచిత యాప్ ఉంది. పాత అడ్వెంచర్ గేముల ఫైళ్లు దాంట్లో వేస్తే ఇవాళ్టి ఫోన్లో నడుస్తాయి. 1994 నాటి 'బినీత్ ఎ స్టీల్ స్కై'ని తయారుచేసినవాళ్లే 2003లో ఉచితంగా వదిలారు, మొదలెట్టడానికి అది బాగుంటుంది. మంకీ ఐలండ్ పాత ఫ్లాపీ వెర్షన్ ఫైళ్లు మీ దగ్గరుంటే ఆ చక్రం ప్రశ్నని స్కమ్‌వీఎం దానంతట అదే దాటించేస్తుంది. విచిత్రమేంటంటే, కావాలంటే ఆ కాపీ ప్రొటెక్షన్‌ని మళ్లీ ఆన్ చేసుకునే ఆప్షన్ కూడా పెట్టారు. అభిమానులు చక్రం బొమ్మల్ని కాగితం మీద ప్రింట్ తీసి, మధ్యలో గుండుసూది గుచ్చి, తీరిగ్గా తిప్పుతూ ఆడతారట. మొన్న ఆదివారం నేనూ ఒకటి చేశాను, పెళ్లి శుభలేఖ అట్టతో. మూడో ముఖానికే ఊడిపోయింది.