టింట్స్‌ఫీల్డ్ భవనం: తొలి చరిత్ర - ఒక పరిశీలన

ఇంగ్లాండులోని బ్రిస్టల్ నగర సమీపాన గల టింట్స్‌ఫీల్డ్ ఎస్టేటును లండన్ వర్తకుడు విలియం గిబ్స్ 1843లో కొనుగోలు చేశాడు. అంతకు ముందు ఏడాదే అతని కుటుంబ వాణిజ్య సంస్థ పెరూ దేశపు గ్వానో వ్యాపారంలో ప్రవేశించింది. ఎరువుగా ఉపయోగపడే సముద్రపక్షుల రెట్టయే గ్వానో. ఆ లాభాలతో 1860వ దశకంలో వాస్తుశిల్పి జాన్ నార్టన్ చేత పాత ఇంటిని గోథిక్ శైలిలో విస్తరింపజేశాడు. గిబ్స్, అతని భార్య బ్లాంచ్, వారి ఏడుగురు సంతానం ఆ ఇంటి తొలితరం నివాసులు. దైవభక్తి గల గిబ్స్ 1870వ దశకంలో ఆర్థర్ బ్లోమ్‌ఫీల్డ్ చేత ప్రార్థనామందిర నిర్మాణం చేపట్టించి, 1875లో మరణించాడు.

అయితే చించా దీవులలో గ్వానోను తవ్వినవారిలో చైనా నుంచి వచ్చిన ఒప్పంద కూలీలు అనేకులు. వారి బతుకు దుర్భరం. కావున ఈ భవన చరిత్ర నివాసులతో ముగియదు. దాని సంపదకు మూలమైన శ్రామికులను చేర్చినప్పుడే అది సమగ్రమవుతుంది.