తుపాను హెచ్చరికను రైతు చదువుకొను విధము

సార్వా వరి కంకి పండి వంగు కాలము, బంగాళాఖాతములో తుపానులు పుట్టు కాలము మన డెల్టాలో ఒక్కటే. అక్టోబరు, నవంబరు మాసములలో రేడియోలో గాని, చేతిలోని ఫోనులో గాని "వాయుగుండము" అన్న మాట వినబడగానే రామచంద్రపురము చుట్టుప్రక్కల రైతులు అడుగు ప్రశ్న ఒక్కటే యుండును: "చేను కోయమందురా, ఆగమందురా?" వాతావరణ శాఖవారు ఈ ప్రశ్నకు ప్రతి చేనికిని విడిగా జవాబు చెప్పరు. తుపాను ఎక్కడ నున్నది, ఎటు నడచును, ఎంత గాలి, ఎంత వాన అన్నదే వారు ముఖ్యముగా చెప్పుదురు. దాని నుండి మన జవాబును మనమే తీసికొనవలెను. అందుకు ఆ హెచ్చరిక ఎట్లు తయారగుచున్నదో, అందులో ఏ మాటను ఎంతవరకు నమ్మవచ్చునో తెలిసియుండుట అవసరము.

తుపాను మన తీరమునకు క్రొత్త చుట్టము కాదు. 1839 నవంబరు 25వ తేదీన వచ్చిన తుపాను ఉప్పెనలో కోరంగి రేవు నాశనమైనది. బంగాళాఖాతపు గాలివానలను పరిశీలించుచు కలకత్తాలో నివసించిన హెన్రీ పిడింగ్టన్ అను ఆంగ్లేయుడే ఇట్టి సుడిగాలికి పాము చుట్టను స్ఫురింపజేయు గ్రీకు మాట నుండి "సైక్లోన్" అను పేరు కల్పించినాడు. 1864లో కలకత్తాను తుపాను ధ్వంసము చేసిన తరువాత, 1865లో ఆ రేవునకు హెచ్చరికలిచ్చు ఏర్పాటు మొదలైనది. భారత వాతావరణ శాఖ 1875లో ఏర్పడినది.

ఇప్పటి పద్ధతి ఇది. సముద్రపు నీరు సుమారు 26.5 డిగ్రీల సెంటీగ్రేడుకు మించి వెచ్చబడి, పైగాలులు అనుకూలించినచో, అల్పపీడనము క్రమముగా బలపడును. దానిని మొదట పట్టునది ఉపగ్రహము. భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున నిలిచి, ఇన్సాట్ జాతి ఉపగ్రహములు అర్ధగంటకొక పర్యాయము మేఘముల చిత్రములు పంపుచుండును. నడిసముద్రములో గాలి వేగమును కొలుచుటకు మనుష్యులెవరును ఉండరు గదా! అందుచేత మేఘములు కేంద్రము చుట్టు ఎంత బిగువుగా చుట్టుకొన్నవో చూచి, దానికొక అంకె వేసి, ఆ అంకె నుండి గాలి వేగమును అంచనా కట్టుదురు. వైద్యుడు నాడి చూచి జ్వరతీవ్రతను చెప్పుట వంటిదే యిది. అనుభవముగల చేతిలో చక్కగా పనిచేయును గాని, ఉష్ణమాపకముతో సమానము కాదు. ఓడలు, సముద్రములో తేలియాడు యంత్రపు బోయాలు, విశాఖపట్టణము, మచిలీపట్టణము వంటి కేంద్రముల నుండి ఆకాశములోనికి వదలు బెలూనులు తక్కిన వివరములు తెచ్చును. తుపాను తీరమునకు దగ్గరైన పిమ్మట ఈ రెండు పట్టణములలోని రాడారులు దానిని చూడగలవు.

ఈ కొలతలన్నియు పెద్ద గణన యంత్రములకు చేరును. అవి గాలి, వేడి, తేమల సూత్రములను బట్టి రాబోవు దినముల స్థితిని లెక్క కట్టును. మొదటి కొలతలలోనే కొంత తప్పు ఉండవచ్చును గనుక, ఆ కొలతలను కొద్దికొద్దిగా మార్చి అదే లెక్కను పలుమార్లు చేయుదురు. జవాబులన్నియు ఒక్క చోటికే వచ్చినచో ధైర్యముగా చెప్పుదురు. చెదరినచో జాగ్రత్తగా చెప్పుదురు. పటములో తుపాను దారికి ఇరువైపుల విప్పారుచు పోవు శంకువు మీరు చూచియుందురు. దాని అర్థము తుపాను అంత వెడల్పైనదని కాదు; కేంద్రము ఆ వెడల్పులో ఎచ్చటనైనను ఉండవచ్చునని.

ఇక నమ్మకము మాట. తుపాను దారిని చెప్పుటలో మన శాఖ ఇటీవలి సంవత్సరములలో బాగుగా మెరుగుపడినది. అయినను 24 గంటలు ముందుగా చెప్పిన స్థానమునకును, నిజమైన స్థానమునకును సగటున 70, 80 కిలోమీటర్ల భేదము ఉండుచున్నది. నరసాపురమునకును కాకినాడకును మధ్య కాకి దూరమును కొలిచిన సుమారు 80 కిలోమీటర్లే. కాబట్టి "రేపు నరసాపురము వద్ద తీరము దాటును" అను వార్తను విని, మనకేమియు లేదని కాళ్లు చాపుకొనుట తగదు.

దారికంటె బలమును చెప్పుట కష్టము. ఇందుకు రెండు తుపానులను చెప్పుకొనిన చాలును. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి కాకినాడకు సుమారు 50 కిలోమీటర్ల దక్షిణమున తీరము దాటిన తుపాను చిన్న చుట్టుకొలత గలది; తీరమునకు వచ్చులోపల త్వరత్వరగా బలపడినది. కాట్రేనికోన, ఐ. పోలవరము, ముమ్మిడివరము ప్రాంతములలో అది చేసిన నాశనమును చూచిన పెద్దలు మీలో అనేకులు ఉన్నారు. వేయిమందికి పైగా చనిపోయినారు. వేటకు పోయి తిరిగి రానివారు ఎందరో. కోనసీమ కొబ్బరి తోటలు నేలమట్టమైనవి. ఇక 2013 నవంబరు 28వ తేదీన వచ్చిన లెహర్ కథ దీనికి తలక్రిందులు. అతి తీవ్ర తుపానుగా మన తీరము వైపు నడచినది. కాకినాడ మొదలు మచిలీపట్టణము వరకు అందరును భయపడినారు; లోతట్టు గ్రామములను ఖాళీ చేయించినారు. తీరా చూడగా సముద్రములోనే నీరసించి, ఉత్త వాయుగుండముగా మచిలీపట్టణము వద్ద తీరమెక్కినది. చల్లని నీరు, లోనికి చొరబడిన పొడి గాలి, పైన ఒక దిక్కునకు క్రింద ఒక దిక్కునకు వీచిన గాలులు దానిని విరిచివేసినవి. "ఉత్త బెదిరింపు" అని ఆనాడు నవ్వినవారు ఉన్నారు. నవ్వుట సులభము. కాని ఆ నీరసించిన తుపానే 1996 నాటిదానివలె బలపడియుండినచో, ఖాళీ చేయించిన ఆ గ్రామముల గతి ఏమి?

గాలి వేగమును బట్టి తుపానుకు పేరు మారును. గంటకు 31 నుండి 49 కిలోమీటర్లయిన వాయుగుండము. 50 నుండి 61 వరకు తీవ్ర వాయుగుండము. 62 నుండి 88 వరకు తుపాను. 89 నుండి 117 వరకు తీవ్ర తుపాను. 118 మొదలు అతి తీవ్ర తుపాను. ఆ పైన ఇంకను రెండు మెట్లు కలవు. గాలి వేగము రెట్టింపయిన, అది చెట్టు మీద వేయు ఒత్తిడి రెట్టింపు కాదు, నాలుగు రెట్లగును. 60 కిలోమీటర్ల గాలికి నిలిచిన అరటి తోట 120 కిలోమీటర్ల గాలికి నిలుచునను ఆశ పెట్టుకొనవద్దు.

రేవులలో ఎగురవేయు నంబర్ల విషయములో ఒక పొరపాటు బహుళ ప్రచారములో నున్నది. ఈ వ్యాసము వ్రాయువాడును విద్యార్థి దశలో అట్లే అనుకొనెడివాడు. ఎనిమిది కంటె తొమ్మిది, తొమ్మిది కంటె పది ఉగ్రమైనవని మనము తలతుము. అది సరికాదు. 8, 9, 10 మూడును మహా ప్రమాద సూచికలే; మూడింటిలోను తీవ్ర తుపానే. 8 అనగా రేవు తుపాను నడకకు ఎడమ ప్రక్కన ఉండును. 9 అనగా కుడి ప్రక్కన. 10 అనగా రేవు మీదుగా గాని, మిక్కిలి చేరువగా గాని తుపాను దాటును. 5, 6, 7 నంబర్లకును ఇదే క్రమము, తుపాను మాత్రము కొంత తక్కువ బలము గలది. 11 వచ్చినచో హెచ్చరిక కేంద్రముతో సంబంధము తెగిపోయినదని గ్రహింపవలెను.

ఈ కుడియెడమలు రేవువారికే గాక మనకును ముఖ్యము. మన అర్ధగోళములో తుపాను గాలి గడియారపు ముల్లునకు ఎదురుగా తిరుగును. కనుక తీరము వైపు వచ్చు తుపానుకు కుడి ప్రక్కన గాలి సముద్రము నుండి నేల మీదికి కొట్టును. నీటిని తోసికొని వచ్చును. తుపాను నరసాపురము దిక్కున దాటినచో రామచంద్రపురము దానికి కుడి ప్రక్కన పడును. అప్పుడు సముద్రము పొంగి, తుల్యభాగ మొదలగు మురుగు కాలువల నీరు దిగదు. చేలలోని నీరు చేలలోనే నిలుచును. తుని దిక్కున దాటినచో మనము ఎడమ ప్రక్కన ఉందుము. గాలి నేల నుండి సముద్రము వైపు వీచును. రెండింటికిని నష్టములో చాల భేదము కలదు.

వాన హెచ్చరికలో రెండు మాటలు పట్టిచూడవలెను. మొదటిది వాన కొలత. 24 గంటలలో 64.5 మిల్లీమీటర్లు దాటిన భారీ వర్షము, 115.6 నుండి అతి భారీ, 204.4 దాటిన అత్యంత భారీ. 100 మిల్లీమీటర్ల వాన ఎకరము చేనులో పడిన, సుమారు నాలుగు లక్షల లీటర్ల నీరగును. రెండవది చోట్ల మాట. "ఒకటి రెండు చోట్ల" అనిన ఆ ప్రాంతములోని కేంద్రములలో నాలుగింట ఒక వంతునకు మించదు. "కొన్నిచోట్ల" అనిన సగము వరకు. "చాలాచోట్ల" అనిన ముప్పాతిక వరకు. "దాదాపు అన్నిచోట్ల" అనిన ఆ పైన. ఈ రెండు మాటలను కలిపి చదివినప్పుడే మన చేనికెంత ముప్పో తెలియును. వాన తీరము దాటిన చోటనే ఆగదనుటకు మోంథా నిదర్శనము. 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురము చేరువలో తీరము దాటిన ఆ తుపాను, మరునాడు ఎక్కడో దూరమున నున్న వరంగల్లు, హనుమకొండలను వరదలో ముంచినది.

ఇక కోత మాట. శాఖవారి హెచ్చరిక నాలుగు మెట్లుగా వచ్చును. సుమారు 72 గంటల ముందు తొలి సూచన; తీర ప్రాంతమున చెడు వాతావరణము మొదలగుటకు 48 గంటల ముందు పసుపుపచ్చ రంగు హెచ్చరిక; 24 గంటల ముందు నారింజ రంగుది; తీరము దాటుటకు 12 గంటల ముందు ఎరుపు రంగుది. ఈ చివరిదానిలో తీరము దాటిన పిమ్మట లోపలి ప్రాంతముల స్థితిని గూడ చెప్పుదురు గనుక, సముద్రము కనబడని మన వంటి ఊళ్లవారు దానిని విడువక వినవలెను.

తొలి సూచన వినిన దినముననే గట్లకు గండ్లు కొట్టి, మురుగు బోదెలలోని తూడు, గుర్రపుడెక్క తీసివేయుడు. తుపాను రాకపోయినను ఈ పని వృథా కాదు. పసుపుపచ్చ హెచ్చరిక నాటికి కంకిలో నూటికి 80, 85 గింజలు పసుపు తిరిగియుండి, కోత యంత్రము దొరకి, ధాన్యమును ఆరబోయుటకు కప్పుగల చోటు ఉన్నచో కోయుడు. ఈ మూడవ షరతును మరచి కోసినవారే ఎక్కువగా నష్టపోవుచున్నారు. యంత్రముతో కోసిన గింజలో తేమ తరచుగా నూటికి 20కి పైబడి యుండును. కొనుగోలు కేంద్రములో 17 దాటరాదు. తడి ధాన్యము బరకము క్రింద రాశిగా రెండు దినములున్న వేడెక్కి రంగు మారును.

చేతి కోత అయినచో, కోసిన పనలను 24 గంటలలో కట్టి, మెరక మీద కుప్ప వేయగల కూలీలు ఉన్నారా లేదా చూచుకొనుడు. లేరేని కోయవద్దు. నిలిచియున్న చేను పడిపోయినను కొంత గింజ దక్కును; నీటిలో నానిన పన మొలకెత్తును. నారింజ రంగు హెచ్చరిక వచ్చిన తరువాత కొడవలి పట్టరాదని నా అభిప్రాయము. ఆ సమయమును అప్పటికే కోసినదానిని కుప్ప వేసి, బరకము కప్పి, త్రాళ్లతో బిగించుటకు వినియోగింపుడు. కంకి ఇంకను పాల దశలో నున్నచో చేయగలది మురుగు తీయుటయే.

వాన వెలిసిన పిమ్మట నీటిని వెంటనే తీసి, పడిన చేనిని నాలుగైదు దుబ్బుల చొప్పున లేపి కట్టుడు. గింజ పండి తడిసియున్నచో మొలక రాకుండ లీటరు నీటికి 50 గ్రాముల చొప్పున ఉప్పు కరగించి, కంకుల మీదను, తడిసిన పనల మీదను పడునట్లు చల్లుడు. కొన్ని రకముల గింజకు కోత తరువాత కొన్ని దినముల నిద్రావస్థ ఉండుట చేత, అవి వానకు త్వరగా మొలకెత్తవు. వచ్చే సార్వాకు విత్తనము ఎన్నుకొనునప్పుడు మార్టేరు వరి పరిశోధనా స్థానమువారిని గాని, మీ మండల వ్యవసాయాధికారిని గాని ఈ గుణమును గూర్చి అడుగుడు.