కవచముల బలాబలములు

చిత్తూరు సీమలో వేసవి వచ్చినదనగా పల్లెపల్లెను ధర్మరాజు గుడి యెదుట భారతము మొదలగును. పగలు హరికథ, రాత్రి వీధినాటకము. కడపటి దినములలో, నేలపై మట్టితో మలచిన మహాకాయుడగు దుర్యోధనుని తొడను భీమ వేషధారి గదతో మోదును. గాంధారి చూపు సోకి కుమారుని మేనంతయు వజ్రతుల్యమైనదనియు, సిగ్గుచే కప్పుకొనిన తొడభాగము మాత్రము మెత్తగా మిగిలినదనియు చెప్పు కథ వ్యాసభారతమున లేదు. ఐనను దానిని వినని బాలుడు ఈ సీమలో అరుదు.

ద్రోణపర్వములో ఇంతకంటె చక్కని కథ యొకటి కలదు. సైంధవుడు చచ్చిన నాడు, ద్రోణుడు మంత్రపూర్వకముగా కట్టిన కవచమును తొడిగి దుర్యోధనుడు అర్జునుని ఎదిరించెను. అర్జునుని బాణములు ఆ కవచమును తాకి వ్యర్థములైనవి. అంతట అర్జునుడు కవచమును భేదించు యత్నము మాని, గుర్రములను కూల్చి, రథమును చెరచి, కవచము కప్పని అరచేతులను కొట్టెను. కవచము చెడలేదు. కాని దానిని తొడిగినవాడు పోరు సలుపలేకపోయెను.

కవచము మంచిదా, చెడ్డదా యను ప్రశ్నకు సమాధానము కవచమునందే ఉండదు. తిరుపతి విద్యార్థి వసతిగృహములలోను, మన యిండ్లలోను యువకులు కంప్యూటరు మీదను, చేతి ఫోను మీదను ఆడు ఒక జాతి యాటలలో ఈ ప్రశ్నయే అడుగడుగునను ఎదురగుచున్నది. 1996 చివర వెలువడిన ‘డయాబ్లో’ మొదలు 2022 నాటి ‘ఎల్డెన్ రింగ్’ వరకు వీనిలో పద్ధతి యొకటే. ఆటగాడు ఒక వీరుని తీసికొనును, రాక్షసులతో పోరాడును, గెలిచిన కొలది కొత్త కత్తులు, డాళ్లు, కవచములు దొరకును. వీరుడు ఎదిగిన కొలది లభించు గుణములను బలమునకా, చురుకుదనమునకా, ప్రాణశక్తికా వేనికి ఎంత పంచవలెనో తానే నిర్ణయించును. అట్లు తీర్చిన వీరుని కుర్రవాండ్రు ‘బిల్డు’ అందురు. పెద్దలకు ఇది కాలహరణముగా తోచవచ్చును. కాని మేము చూచినంతలో, ఈ యాటలలో గెలుపోటములు వ్రేళ్ల వేగముకంటె ఎక్కువగా లెక్క మీద ఆధారపడియున్నవి. ఆ లెక్క నేర్చుకొనదగినదే.

‘డయాబ్లో’ మూడవ భాగమునే చూడుడు. డెబ్బదవ స్థాయి శత్రువు కొట్టినపుడు కవచము తగ్గించు పాలెంత? కవచము సంఖ్యకు 3500 కలిపి, ఆ మొత్తముతో కవచము సంఖ్యను భాగింతురు. కవచము 3500 ఐనచో దెబ్బలో సగము పోవును. 7000 ఐనచో మూడింట రెండు పాళ్లు, 10500 ఐనచో నూటికి 75 పాళ్లు పోవును. చూచితిరా! మొదటి 3500కు 50 శాతము వచ్చినది, రెండవదానికి 17 శాతమునకు మించలేదు, మూడవదానికి ఎనిమిది మాత్రమే. కనుక ఇక కవచము పెంచుట దండుగ అని చాలమంది కుర్రవాండ్రు తీర్మానింతురు.

ఇది కంటికి కలుగు భ్రమ. శాతమును విడిచి, వీరుడు పడిపోవుటకు శత్రువు ఎన్ని దెబ్బలు కొట్టవలెనో లెక్కింపుడు. వీరుని ప్రాణశక్తి వేయి యనుకొందము. కవచము లేనిచో వేయి పాళ్ల దెబ్బలకు కూలును. సగము తగ్గించు కవచమున్నచో రెండువేలు కావలెను. మూడింట రెండు పాళ్లు తగ్గించునపుడు మూడువేలు, 75 శాతమునకు నాలుగువేలు. అనగా ప్రతి 3500 కవచమునకును సరిగా వేయి పాళ్ల ఆయుష్షు పెరిగినది. మొదటిదానికెంత ఫలమో మూడవదానికిని అంతే. శాతము 75 నుండి 80కి పెరిగిన ‘ఐదేగదా’ అని చులకన చేయువారు, తగులు దెబ్బ 25 నుండి 20కి, అనగా ఐదవ వంతు తగ్గినదని గుర్తింపరు. వడ్డీ లెక్కలలో మోసపోవువారును ఇట్లే శాతమును చూచి మోసపోవుదురు. అయితే అది వేరు ప్రసంగము.

ఇంతకంటె లోతైన చిక్కు మరియొకటి ఉన్నది. అన్ని దెబ్బలును ఒక్క తీరువి కావు. ‘పాత్ ఆఫ్ ఎగ్జైల్’ అను ఆటలో కవచము ఫలము దెబ్బ పరిమాణమును బట్టి మారును. ఇప్పటి సూత్రము ప్రకారము, దెబ్బను ఐదింతలు చేసి కవచమునకు కలిపి, ఆ మొత్తముతో కవచమును భాగింతురు. కవచము 5000 ఉన్నవాడు 250 పాళ్ల చిన్న దెబ్బలో 80 శాతము తప్పించుకొనును. వేయి పాళ్ల దెబ్బలో సగము తప్పును. నాలుగువేల పాళ్ల పెనుదెబ్బలో తప్పునది 20 శాతమే. 3200 పాళ్లు మీద పడును. ప్రాణశక్తి మూడువేలున్నవాడు ఆ ఒక్క దెబ్బతో సరి. దోమల గుంపును సులభముగా నిలిపిన కవచము ఏనుగు ముందు కాగితమగును. చురుకుదనమును నమ్మి దెబ్బ తప్పించుకొనువానికిని ఇటువంటి గండమే కలదు. రెండింట ఒకటి తప్పించుకొన్నచో సగటున నష్టము సగమే. కాని తగిలిన దెబ్బ నిండుగా తగులును. ఎంతటి సగటైనను చచ్చినవానికి ఉపయోగపడదు. కావున నేర్పరి మొదట అడుగు ప్రశ్న ‘ఒక్క దెబ్బతో నన్ను చంపగలది ఏది?’ అనునది.

బరువు సంగతి తేలికగా చెప్పవచ్చును. ‘ఎల్డెన్ రింగ్’లో మోయగల బరువులో 70 శాతము దాటినచో వీరుడు దొర్లి తప్పించుకొను వేగము మందగించును. మందమైన ఇనుప తొడుగు ఇచ్చు రక్షణను కాళ్లు పోగొట్టును.

ఈ చిక్కులను ఆటలు కట్టువారు ఊరక కల్పింపలేదు. పూర్వులు వీనిని ప్రాణములొడ్డి ఎరిగినవారే. తిరుమల ఆలయమున దేవేరులిరువురి నడుమ చేతులు జోడించి నిలిచిన కృష్ణదేవరాయల విగ్రహమును చూడని యాత్రికుడుండడు. ఆ విగ్రహమునకు కవచము లేదు. కాని ఆయన సేనలు ఏమి ధరించెడివో విజయనగరమునకు వచ్చిన పోర్చుగీసు యాత్రికులు వ్రాసి యుంచిరి. డొమింగో పేస్ చూచిన రౌతులు పట్టు, మఖమలు పైబట్టగా గల మందపు అంగరఖాలు తొడిగిరి. వాని లోపల గట్టి పచ్చితోలు పొరలును, ఇనుప రేకులును ఉండెను. తలకు మెడను కప్పు టోపీ, ముఖమునకు వేరొక తొడుగు. ఫెర్నావో నూనిజ్ కాల్బలమును గూర్చి చెప్పిన మాట మాకు మరింత ముచ్చటగా తోచినది. విలుకాండ్రకును, తుపాకివాండ్రకును దూది కుట్టిన అంగీలుండెనట. డాలు పట్టువారికి మాత్రము వేరు కవచము అక్కరలేదు. వారి డాళ్లే దేహమంతయు కప్పునంత పెద్దవి. రెండు చేతులును ఆయుధమునకు కావలసినవానికి ఒంటిపై కవచము. ఒక చేయి విడిచిపెట్టగలవానికి డాలు. మన కుర్రవాండ్రు బిల్డు అనుచున్నది ఇదియే. మన యెండలలో ఇనుము కంటె దూదియు, తోలును మోయుట తేలిక యను విషయమును మరువరాదు.

1520 నాటి రాయచూరు యుద్ధము ఈ లెక్కలకు నిజమైన పరీక్ష. ఆదిల్షాహి ఫిరంగులు ఒక్కమారుగా ప్రేలినపుడు రాయల ముందు వరుసలు చెదరినట్లు నూనిజ్ వ్రాసెను. దూది యంగీ బాణమును నిలుపవచ్చును, గుండును నిలుపలేదు. ఆ పెనుదెబ్బ తిన్న పిమ్మట రాయలు తానే సేనను మరల కూడగట్టి పైబడి గెలిచెను. అక్కడ కాపాడినది ఏ కవచమును కాదు. తరువాత కోట ముట్టడిలో పాత్రలు మారినవి. గోడపైనున్న రక్షకులు బెదురు లేక తలలు చూపుచుండిరి. అంతవరకు వారెరిగిన ఆయుధములకు ఆ యెత్తు చాలును. రాయల పక్షమున చేరిన క్రిస్టోవావో డి ఫిగైరెడో వెంటనున్న పోర్చుగీసు తుపాకివాండ్రు వారిని గురిచూచి కాల్చిరి. వెలుపల ఏమి జరుగుచున్నదో చూడబోయిన కోట అధిపతియే నుదుట గుండు తగిలి కూలెను. గోడ బలము నిన్నటివలెనే యుండెను. ఎదుటి యాయుధము మాత్రము మారినది.

1565లో తళ్లికోట యుద్ధము తరువాత విజయనగరము పాడుపడి, రాజధాని పెనుకొండకును, అటుపై చంద్రగిరికిని వచ్చెను. చంద్రగిరి 2022 నుండి తిరుపతి జిల్లాలోనిది. తిరుపతికి వచ్చువారు కొండ మీదనుండి దిగి నేరుగా రైలెక్కక, ఒక పూట అచ్చట గడుపుట మంచిది. వెనుక నిటారుగా లేచిన రాతికొండ యొక డాలు. ముందు గోడయు, కందకమును వేరొక డాలు. ఇప్పుడు పురావస్తు ప్రదర్శనశాలగా నున్న రాజమహలును రాయి, ఇటుక, సున్నములతోనే కట్టిరి, కలప వాడలేదు. రాతికొండ నిప్పు నాపదు, కందకము నిప్పు నాపదు; కలప లేని కట్టడమునందు నిప్పునకు తినుటకు ఏమియు దొరకదు. ఆటలలో నిప్పునకు, మంచునకు, పిడుగునకు, విషమునకు వేరువేరుగా రక్షణ కూర్చవలెనని చెప్పినపుడు విసుగుకొను కుర్రవానిని ఆ మహలు గోడ యొద్దకు తీసికొనిపోయి చూపవచ్చును. ఆ పిమ్మట అతడు తన వీరుని తొడుగుల పట్టికను మరల తెరచి, కప్పని చోటు ఏదో వెదకుకొనును.