ఢీకొట్టి గెలిచిన కిరీటాలు
ఫార్ములా వన్ చరిత్రలో మాయని మచ్చలు

1990 అక్టోబరు 21. జపాన్‌లోని సుజుకా ట్రాక్. పచ్చదీపం వెలిగి పది సెకన్లు గడిచాయో లేదో, ముందు వరుసలో బయలుదేరిన రెండు కార్లు తొలి మలుపులోనే ఢీకొని, ట్రాక్ వెలుపల పరిచిన కంకరలోకి దూసుకుపోయాయి. దుమ్ము తెరలు విడిపోయాక ఇద్దరు డ్రైవర్లూ గాయాలు లేకుండా బయటికి వచ్చి, వేర్వేరుగా నడిచి వెళ్లిపోయారు. వారిలో ఒకడైన బ్రెజిల్ దేశీయుడు అయర్టన్ సెన్నా ఆ క్షణంలోనే ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. రెండో వాడైన ఫ్రాన్సు డ్రైవరు అలెన్ ప్రోస్ట్ ఆశలు అక్కడితో అడుగంటాయి. పందెం ఇంకా 52 ల్యాపులు మిగిలి ఉంది.

అది ప్రమాదం కాదని, ఉద్దేశపూర్వకంగా చేసిన పనేనని సెన్నా స్వయంగా అంగీకరించడానికి సరిగ్గా ఏడాది పట్టింది. 1991లో అదే సుజుకాలో మూడో కిరీటం గెలుచుకున్న తరువాత విలేఖరుల సమావేశంలో ఆయన మనసులోని మాట బయటపెట్టాడు. అయినా 1990 కిరీటం ఆయన వద్దే ఉండిపోయింది. ఎటువంటి శిక్షా పడలేదు.

మోటారు పందేలలో కార్లు ఢీకొనడం వింత కాదు. అయితే ప్రత్యర్థిని పందెం నుంచి తప్పించేందుకే ఢీకొట్టడం, దాని ఫలితంగా ప్రపంచ ఛాంపియన్‌షిప్ తేలిపోవడం మాత్రం ఈ క్రీడను దశాబ్దాలుగా వెంటాడుతున్న సమస్య. వేగం, సాహసం, సాంకేతిక ప్రతిభలకు మారుపేరుగా చెప్పుకునే ఫార్ములా వన్‌లో ఇటువంటి ఘటనలు ఎందుకు పునరావృతమవుతున్నాయన్న ప్రశ్నకు సమాధానం డ్రైవర్ల ఆవేశంలో కంటే పాయింట్ల పట్టికలోనే ఎక్కువగా దొరుకుతుంది.

ఒకే జట్టులో ఇద్దరు శత్రువులు

సెన్నా, ప్రోస్ట్‌ల వైరం 1988లో మొదలైంది. ఆ ఏడాది ఇద్దరూ మెక్‌లారెన్ జట్టులో సహచరులు. హోండా ఇంజన్లతో నడిచిన ఆ జట్టు 16 పందేలలో 15 గెలుచుకుంది. వాటిలో సెన్నావి ఎనిమిది, ప్రోస్ట్‌వి ఏడు. బయటి ప్రత్యర్థులు లేకపోవడంతో పోరంతా ఇంట్లోనే సాగింది. పోర్చుగల్ పందెంలో సెన్నా తన సహచరుడిని గోడ అంచు వరకు నెట్టుకుపోయిన తీరు అప్పట్లోనే విమర్శలకు గురైంది.

1989లో ఇటలీలోని ఇమోలా పందెం వద్ద ఈ విరోధం బహిరంగమైంది. ప్రారంభంలో ఒకరినొకరు దాటవద్దని ఇద్దరి మధ్యా ఒప్పందం ఉందని, సెన్నా దానిని ఉల్లంఘించాడని ప్రోస్ట్ ఆరోపించాడు. అప్పటి నుంచి ఇద్దరి మధ్య మాటలు లేవు. ఒకే గ్యారేజీలో పని చేస్తూ, ఒకే జట్టు కార్లు నడుపుతూ, ఆ ఏడాది అక్టోబరు 22న సుజుకాకు చేరుకునేసరికి పరిస్థితి నిప్పుకు చమురు తోడైనట్లు తయారైంది.

కిరీటం నిలబెట్టుకోవాలంటే సెన్నా మిగిలిన రెండు పందేలూ గెలిచి తీరాలి. ఇకపై తాను దారి ఇచ్చే ప్రసక్తి లేదని ప్రోస్ట్ ముందుగానే చెప్పి ఉన్నాడు. 53 ల్యాపుల పందెంలో 47వ ల్యాపు వద్ద, షికేన్‌గా పిలిచే మెలిక మలుపులో సెన్నా లోపలి వైపు నుంచి దూరాడు. ప్రోస్ట్ కారు అదే సమయంలో లోపలికి తిరిగింది. రెండు కార్ల చక్రాలూ చిక్కుకుని ఆగిపోయాయి. ప్రోస్ట్ దిగి వెళ్లిపోయాడు. సెన్నా మాత్రం ట్రాక్ సిబ్బంది నెట్టగా కారును కదిలించి, విరిగిన ముందు భాగాన్ని మార్పించుకుని, బెనెటన్ డ్రైవరు అలెసాండ్రో నానీనీని దాటి మొదటి స్థానంలో పందెం ముగించాడు.

ఆ విజయం కొద్దిసేపే నిలిచింది. మలుపును పూర్తిగా తిరగకుండా పక్క దారిగుండా ట్రాక్‌పైకి వచ్చాడన్న కారణంతో అధికారులు సెన్నాను అనర్హుడిగా ప్రకటించారు. నానీనీ విజేత అయ్యాడు. ప్రోస్ట్‌కు మూడో కిరీటం దక్కింది. అంతటితో ఆగక, అంతర్జాతీయ మోటారు క్రీడల సంస్థ సెన్నాకు లక్ష డాలర్ల జరిమానా, అమలు నిలిపివేసిన ఆరు నెలల నిషేధం విధించింది. సంస్థ అధ్యక్షుడు జాన్ మారీ బాలెస్త్రే తన స్వదేశీయుడైన ప్రోస్ట్‌కు కొమ్ము కాశారని సెన్నా భావించాడు. మరుసటి ఏడాది జరిగిన దానికి బీజం ఇక్కడే పడింది.

1990లో ప్రోస్ట్ ఫెరారీకి మారాడు. సుజుకాకు వచ్చేసరికి పాయింట్ల పట్టికలో సెన్నా తొమ్మిది పాయింట్ల ముందంజలో ఉన్నాడు. ఇప్పుడు గెలిచి తీరవలసింది ప్రోస్ట్. అర్హత పోటీలో అందరికంటె వేగంగా నడిపి పోల్ పొజిషన్ సాధించిన సెన్నా, ఆ స్థానం ట్రాక్‌లో దుమ్ము పేరుకునే వైపున ఉందని, దానిని రెండో పక్కకు మార్చాలని కోరాడు. అభ్యర్థన నెరవేరలేదు. ప్రోస్ట్ తనకంటె ముందు తొలి మలుపు చేరితే వెనక్కు తగ్గరాదని ఆయన అప్పుడే నిశ్చయించుకున్నాడు. చివరికి జరిగింది అదే.

ఈ కథకు మరో ముగింపు కూడా ఉంది. 1993లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో ప్రోస్ట్ తన చివరి పందెం నడిపాడు. ఆ పందెం గెలిచిన సెన్నా, ప్రోస్ట్‌ను చేయి పట్టుకుని విజేత మెట్టుపైకి లాగాడు. ఆరు నెలలు తిరగకుండానే, 1994 మే 1న ఇమోలాలో జరిగిన ప్రమాదంలో సెన్నా మరణించాడు. సావో పావ్‌లో జరిగిన అంత్యక్రియలలో శవపేటికను మోసిన వారిలో ప్రోస్ట్ ఒకడు.

ఒక్క పాయింటు తేడా

సెన్నా మరణించిన ఏడాది చివరన అడిలైడ్‌లోనే మరో కిరీటం వివాదాస్పదమైంది. బెనెటన్‌కు చెందిన జర్మనీ యువకుడు మైకేల్ షూమాకర్‌కు 92 పాయింట్లు, విలియమ్స్ డ్రైవరు డేమన్ హిల్‌కు 91 పాయింట్లు ఉన్నాయి. ముందు నడుస్తున్న షూమాకర్ అదుపు తప్పి గోడను తాకి, తిరిగి ట్రాక్‌పైకి వచ్చాడు. అవకాశాన్ని గమనించిన హిల్ తదుపరి మలుపులో లోపలి నుంచి దూరబోయాడు. షూమాకర్ కారు అతనిపైకి తిరిగింది. బెనెటన్ అక్కడికక్కడే ఆగిపోయింది. సస్పెన్షన్ వంగిపోవడంతో హిల్ కూడా పందెం నుంచి తప్పుకోవలసి వచ్చింది. అది పోటీలో సహజంగా జరిగే ఘటనేనని న్యాయనిర్ణేతలు తేల్చడంతో షూమాకర్ ఒక్క పాయింటు తేడాతో ఛాంపియన్ అయ్యాడు.

మూడేళ్ల తరువాత 1997 అక్టోబరు 26న స్పెయిన్‌లోని జెరెజ్‌లో పరిస్థితి అచ్చంగా పునరావృతమైంది. ఫెరారీకి మారిన షూమాకర్‌కు 78 పాయింట్లు, విలియమ్స్‌కు చెందిన కెనడా డ్రైవరు జాక్ విల్‌నోవ్‌కు 77. 48వ ల్యాపులో విల్‌నోవ్ లోపలి నుంచి దాటుతుండగా షూమాకర్ తన కారును అతని కారు పక్క భాగంపైకి తిప్పాడు. అయితే ఈసారి లెక్క తప్పింది. కంకరలో కూరుకుపోయింది షూమాకర్ కారే. విల్‌నోవ్ దెబ్బతిన్న కారుతోనే మూడో స్థానంలో ముగించి కిరీటం అందుకున్నాడు.

నవంబరు 11న విచారణ జరిపిన అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్య షూమాకర్‌ను ఆ ఏటి ఛాంపియన్‌షిప్ పట్టిక నుంచి తొలగించింది. గెలిచిన ఐదు పందేలు మాత్రం అతని ఖాతాలోనే మిగిలాయి. రోడ్డు భద్రతా ప్రచారంలో పాల్గొనాలని కూడా ఆదేశించింది. తరువాతి ఏడాది పందేలపై ఎటువంటి నిషేధం విధించకపోవడంతో శిక్ష పేరుకు మాత్రమేనన్న విమర్శలు వచ్చాయి. ఒకవేళ ఆనాడు విల్‌నోవ్ కారు కూడా ఆగిపోయి ఉంటే శిక్ష ఏ విధంగా ఉండేదన్నది ఇప్పటికీ చర్చనీయాంశమే.

లెక్కలే ప్రేరణ

ఈ నాలుగు ఘటనలలోనూ ఒక పోలిక కనిపిస్తుంది. నాలుగింటిలోనూ ఇద్దరూ పందెం ముగించకపోతే లాభపడేది పట్టికలో ముందున్న వాడే. ఢీకొన్నప్పుడు ముందంజలో ఉన్నది 1989లో ప్రోస్ట్, 1990లో సెన్నా, తరువాత రెండుసార్లూ షూమాకర్. 1989 ఘటనలో తాను కావాలని చేయలేదని ప్రోస్ట్ ఎప్పుడూ చెబుతూ వచ్చాడు. అది ఎలా ఉన్నా, ప్రత్యర్థి సున్నా పాయింట్లతో ఇంటికి వెళితే చాలుననే పరిస్థితిని పట్టికే కల్పిస్తున్నదన్నది వాస్తవం.

దీనికి సాంకేతిక ప్రగతి కూడా పరోక్షంగా తోడ్పడిందనే వాదన ఉంది. 1950, 60 దశకాలలో కారు ఢీకొంటే డ్రైవరు ప్రాణాలతో బయటపడతాడన్న భరోసా లేదు. అందువల్ల ప్రత్యర్థిని తాకే సాహసం ఎవరూ చేసేవారు కారు. 1981లో మెక్‌లారెన్ కార్బన్ ఫైబర్‌తో తయారుచేసిన కారు దేహాన్ని ప్రవేశపెట్టాక క్రమంగా డ్రైవరు కూర్చునే గది దుర్భేద్యమైన కవచంగా మారింది. ప్రాణభయం తగ్గిన కొద్దీ తెగింపు పెరిగింది. అయినప్పటికీ చక్రాలకు కప్పు లేని ఈ కార్లలో ఒక చక్రం మరో చక్రాన్ని తాకితే కారు గాలిలోకి లేవడానికి క్షణం చాలు.

జట్టే వేసిన పథకం

కాగా, 2008 సింగపూర్ ఘటన వీటన్నిటికంటె భిన్నమైనది. అక్కడ ఢీకొన్నది ప్రత్యర్థిని కాదు, గోడను. ఫార్ములా వన్‌లో తొలిసారి రాత్రివేళ జరిగిన ఆ పందెంలో రెనో డ్రైవరు నెల్సన్ పికే జూనియర్ తన కారును గోడకు కొట్టాడు. ట్రాక్‌పైకి భద్రతా కారు వచ్చింది. అప్పటికే ఇంధనం నింపుకుని సిద్ధంగా ఉన్న అతని సహచరుడు ఫెర్నాండో అలొన్సో 15వ స్థానం నుంచి బయలుదేరి కూడా విజేత అయ్యాడు. అది జట్టు పెద్దల ఆదేశం మేరకే జరిగిందని, ఉద్వాసనకు గురైన తరువాత 2009లో పికే వెల్లడించడంతో సంచలనం చెలరేగింది.

జట్టు అధిపతి ఫ్లావియో బ్రియాటోరేపై నిరవధిక నిషేధం, ఇంజనీరింగ్ అధికారి పాట్ సైమండ్స్‌పై ఐదేళ్ల నిషేధం పడ్డాయి. రెనో జట్టు బహిష్కరణ అమలును రెండేళ్ల పాటు నిలిపివేశారు. ప్రధాన ప్రాయోజకుడైన ఐఎన్‌జీ ఆర్థిక సంస్థ వెంటనే ఒప్పందాన్ని రద్దు చేసుకుంది. వ్యక్తులపై విధించిన నిషేధాలను 2010 జనవరిలో పారిస్ న్యాయస్థానం కొట్టివేసింది. భద్రతా కారు వచ్చిన గందరగోళంలో ఇంధన గొట్టంతో సహా బయలుదేరిన ఫెరారీ డ్రైవరు ఫెలిపే మాసాకు ఆ రోజు ఒక్క పాయింటూ దక్కలేదు. ఏడాది చివరన లూయిస్ హామిల్టన్ చేతిలో అతను కిరీటం కోల్పోయింది కూడా ఒక్క పాయింటు తేడాతోనే కావడం గమనార్హం.

భారత అభిమానులు సైతం ఈ వైరాలను కళ్లారా చూశారు. 2011 అక్టోబరు 30న గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ అంతర్జాతీయ సర్క్యూట్‌లో జరిగిన తొలి భారత గ్రాండ్ ప్రీలో ఇదే హామిల్టన్, మాసా మళ్లీ ఢీకొన్నారు. ఆ ఏడాది పొడవునా వారి కార్లు పదేపదే తగులుకుంటూ వచ్చాయి. నోయిడాలో శిక్ష మాసాపై పడింది. పన్నుల వివాదాల నడుమ భారత పందెం 2013తో నిలిచిపోయింది.

హెచ్చరిక పని చేసిందా?

2021 డిసెంబరు 12న అబుధాబిలో చివరి పందెం నాటికి హామిల్టన్, మాక్స్ వెర్‌స్టాపెన్‌లు చెరి 369.5 పాయింట్లతో సమంగా నిలిచారు. అంతకు ముందే బ్రిటన్‌లో, ఇటలీలో వారి కార్లు తీవ్రంగా ఢీకొన్నాయి. ఇటలీలో వెర్‌స్టాపెన్ కారు హామిల్టన్ తలపైకే ఎక్కగా, డ్రైవరు తల చుట్టూ అమర్చే హాలో కవచం అతన్ని కాపాడింది. ఇద్దరూ చివరి పందెం ముగించకపోతే ఎక్కువ విజయాలున్న వెర్‌స్టాపెన్‌కే కిరీటం దక్కుతుంది. సుజుకా నీడ మరోసారి కనిపించడంతో, క్రీడాస్ఫూర్తికి విరుద్ధంగా ప్రవర్తిస్తే పాయింట్లు కోసే అధికారం తమకు ఉందని పందెం డైరెక్టర్ మైకేల్ మాసీ ముందే గుర్తుచేశారు. ఇద్దరిలో ఏ ఒక్కరి పందెమూ ఢీకొనడంతో ముగియలేదు. అయితే భద్రతా కారు నిబంధనలను మాసీ అమలు చేసిన తీరు వివాదాస్పదమై, చివరి ల్యాపులో వెర్‌స్టాపెన్ ఛాంపియన్ అయ్యాడు.

2014 నుంచి డ్రైవర్ల లైసెన్సులపై దండన పాయింట్లు వేస్తున్నారు. పన్నెండు నెలల్లో పన్నెండు చేరితే ఒక పందెం నిషేధం. ఈ విధానంలో తొలిసారి నిషేధానికి గురైన డ్రైవరు 2024లో కెవిన్ మాగ్నసన్. 2025 జూన్ 1న బార్సిలోనాలో, జార్జ్ రస్సెల్‌కు దారి ఇవ్వాలని జట్టు ఆదేశించగా, ఆగ్రహించిన వెర్‌స్టాపెన్ వేగం తగ్గించినట్లే తగ్గించి అతని కారును ఢీకొట్టాడు. అధికారులు పది సెకన్ల జరిమానా, మూడు దండన పాయింట్లు విధించారు. దానితో అతని ఖాతా పదకొండుకు చేరింది. తన చర్య సరికాదని అతను మరునాడు ఒప్పుకున్నాడు.

ఆ జరిమానా వల్ల వెర్‌స్టాపెన్ ఐదో స్థానం నుంచి పదో స్థానానికి దిగజారాడు. రావలసిన పది పాయింట్లకు బదులు ఒక్కటే మిగిలింది. అప్పట్లో తొమ్మిది పాయింట్ల నష్టాన్ని ఎవరూ పెద్దగా లెక్కించలేదు. ఆ ఏడాది డిసెంబరులో లెక్క తేలేసరికి లాండో నోరిస్‌కు 423 పాయింట్లు, వెర్‌స్టాపెన్‌కు 421. ఒకప్పుడు ఢీకొట్టిన వారికి కిరీటం తెచ్చిపెట్టిన పాయింట్ల పట్టికే, ఈసారి రెండు పాయింట్ల తేడాతో దానిని చేజార్చింది.